వడ్డీ లేదన్న మాటకు లెక్కేది?

మన పల్లెల్లో వడ్డీ లెక్క నూటికి నెలకు ఎన్ని రూపాయలన్న మాటతో మొదలవుతుంది. రూపాయి అంటే ధర్మవడ్డీ, మూడు రూపాయలంటే మెడకు ఉరి, ఐదంటే ఆ ఇంటి పొలం చేయిజారినట్టే. వడ్డీలో ధర్మమైనది, అధర్మమైనది అని తేడా పెట్టుకున్న భాష మనది. ఇస్లామిక్ ధర్మశాస్త్ర పండితుల్లో అత్యధికులు ఆ తేడాను ఒప్పుకోరు. అప్పు మీద ముందే ఖరారు చేసుకున్న అదనపు సొమ్ము ఎంత చిన్నదైనా రిబాయే, నిషిద్ధమే అంటారు. ఆ నిషేధం మంచిచెడ్డలు ఇక్కడ చర్చ కాదు. దాన్ని నమ్మేవాళ్ల డబ్బు మీద ఒక పెద్ద వ్యాపారం నిలబడి ఉంది. 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు, అదే ఏడాది జెడ్డా కేంద్రంగా ఇస్లామిక్ అభివృద్ధి బ్యాంకు పని మొదలుపెట్టాయి. ఆనాటి నుంచి పెరుగుతూ వచ్చిన ఈ రంగం ఆస్తులు ఇవాళ మూడు లక్షల కోట్ల డాలర్లు దాటాయి. ఇంత సొమ్ము ఒకే ఒక్క హామీ మీద పోగైంది: మేం వడ్డీ తీసుకోం, వడ్డీ ఇవ్వం. ఆ హామీ నిలబడిందో లేదో పండితుడి ఫత్వా చూస్తే తెలియదు, జమాఖర్చుల పుస్తకం చూస్తే తెలుస్తుంది. అందుకే ఇస్లామిక్ ఆర్థిక సంస్థల లెక్కలకూ నడవడికీ అందరికీ ఒకటే అయిన, రాతలో ఉన్న, బయటివాడు సరిచూడగల ప్రమాణాలు ఉండాలన్నది నా వాదన. ఇది మతానికి సంబంధించిన కోరిక కాదు, ఖాతాదారుకు సంబంధించినది.

ఒకరికి పది లక్షల రూపాయల కారు కావాలనుకుందాం. మామూలు బ్యాంకు పది లక్షలు అప్పిచ్చి రెండేళ్లలో పన్నెండు లక్షలు వసూలు చేసుకుంటుంది. ఇస్లామిక్ బ్యాంకు మురాబహా పద్ధతిలో తానే కారు కొని, కొన్న ధర దాచకుండా చెప్పి, రెండు లక్షల లాభం వేసుకుని వాయిదాల మీద అమ్ముతుంది. చేతులు మారిన డబ్బు రెండు చోట్లా ఒకటే. తేడా అంతా మధ్యలో ఉంది. కొన్నాక, అమ్మేలోపు ఆ కారు బ్యాంకు సొత్తు. ఆ వ్యవధిలో అది కాలి బూడిదైతే నష్టం బ్యాంకుదే. అమ్మిన తర్వాత కొన్నవాడు వాయిదా ఎగ్గొట్టినా బాకీ పెరగదు. ఆలస్యానికి జరిమానా వసూలు చేస్తే ఆ సొమ్ము బ్యాంకు ఆదాయంలో కలవకూడదు, దానధర్మాల ఖాతాకు పోవాలి. ఈ తేడాలు నిజంగా ఉంటే అది వ్యాపారం, లేకపోతే పేరు మార్చుకున్న అప్పు. అవి ఉన్నాయో లేవో ఒప్పంద పత్రం చెప్పదు. బ్యాంకు సరుకు ఖాతాలో ఆ కారు ఒక్క పూటైనా కనిపించిందా, జరిమానా ఏ పద్దు కింద జమపడింది, రెండు లక్షల లాభాన్ని అమ్మిన రోజే మొత్తం చూపించారా లేక రెండేళ్ల మీద పంచారా అన్న ప్రశ్నలకు జవాబు చిట్టా ఆవర్జాల్లోనే దొరుకుతుంది. చివరి ప్రశ్న చాదస్తంలా కనిపిస్తుంది కానీ, ఏ సంవత్సరపు ఖాతాదారుకు ఎంత లాభం ముట్టాలో తేల్చేది అదే.

ఈ ప్రశ్నలకు ఒక్కో బ్యాంకు ఒక్కో జవాబు ఇచ్చుకుంటూ పోతే గతేమిటన్న ఆందోళనే 1990 ఫిబ్రవరిలో అల్జీర్స్‌లో ఒక ఒప్పందానికి దారితీసింది. మరుసటి ఏడాది మార్చిలో బహ్రెయిన్‌లో ఇస్లామిక్ ఆర్థిక సంస్థల అకౌంటింగ్, ఆడిటింగ్ సంస్థ నమోదైంది. ఆ రంగంలో దాన్ని అయోఫీ అని పిలుస్తారు. షరియా, అకౌంటింగ్, ఆడిటింగ్, పాలన, నైతిక నియమావళి అన్నీ కలిపి ఇప్పటికి వందకు పైగా ప్రమాణాలు ప్రకటించింది. బహ్రెయిన్ వంటి కొన్ని దేశాలు వాటిని తప్పనిసరి చేశాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2018లో షరియా ప్రమాణాల వరకు కట్టుబడింది. అకౌంటెంట్ల కోసం ఆ సంస్థ రాసిన నియమావళిలో కీలకమైన మాట అమానత్, అంటే నమ్మి అప్పగించిన సొత్తు. ఆ మాట మనకు కొత్తదేమీ కాదు, అమానతుగా ఎప్పుడో తెలుగులో కలిసిపోయింది. ఆ మాటకొస్తే జమ, ఖర్చు, వసూలు, బాకీ, రసీదు ఇవన్నీ పారసీ, అరబ్బీల దారిన మన దుకాణాల్లోకి వచ్చి కూర్చున్నవే. లెక్క రాసే భాషను అప్పు తెచ్చుకున్న మనకు ఆ లెక్కల తగాదా అర్థం కాకుండా పోదు.

అసలు తిరకాసు రుణాల దగ్గర కన్నా డిపాజిట్ల దగ్గర ఎక్కువ. పొలం కౌలుకిస్తే పంట పండినా ఎండినా కౌలు ముట్టాల్సిందే. పాలుకిస్తే పండిన దాంట్లోనే వాటా, ఎండితే ఇద్దరికీ లేదు. మామూలు బ్యాంకు డిపాజిట్ కౌలు లాంటిది. ముదారబా పద్ధతిలో నడిచే ఇస్లామిక్ మదుపు ఖాతా పాలు లాంటిది. డబ్బు ఖాతాదారుది, కష్టం బ్యాంకుది. లాభం వస్తే ముందు అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే, బ్యాంకు మోసమో నిర్లక్ష్యమో చేయనంతవరకు, సొమ్ము పెట్టినవాడే భరించాలి. అసలుకు హామీ ఇస్తే అది ముదారబా కాదు. ఇప్పుడు ఈ సొమ్మును బ్యాంకు ఆస్తి అప్పుల పట్టికలో ఎక్కడ రాయాలి? తిరిగి ఇచ్చి తీరాలన్న హామీ లేదు కనుక అప్పు కాదు. ఖాతాదారుకు ఓటు లేదు, డైరెక్టర్లను ఎన్నుకునే హక్కు లేదు కనుక వాటా మూలధనమూ కాదు. అయోఫీ ఈ రెంటికీ నడుమ వేరే శీర్షిక పెట్టింది. అంతర్జాతీయ ఆర్థిక నివేదికల ప్రమాణాలలో ఆ మూడో గది లేదు, అప్పో మూలధనమో ఏదో ఒకటి తేల్చమంటాయి. మలేసియా ఆ అంతర్జాతీయ ప్రమాణాలనే పట్టుకుంది. అయితే 2013 నాటి ఇస్లామిక్ ఆర్థిక సేవల చట్టంతో అసలుకు హామీ ఉన్న డిపాజిట్‌ను, హామీ లేని మదుపు ఖాతాను విడదీసింది. రెండో రకానికి డిపాజిట్ బీమా వర్తించదని ఖాతాదారుకు ముందే చెప్పాలన్నది. దారులు వేరైనా రెండు చోట్లా అడిగిన ప్రశ్న ఒకటే: నష్టం ఎవరిది? అది ఖాతా తెరిచే రోజే తేలాలి.

దానికి తోడు ఒక చిక్కు ఉంది. దాని గురించి బ్యాంకర్లు పెద్దగా నోరు విప్పరు. లాభం బాగా వచ్చిన ఏడు మొత్తం పంచకుండా కొంత తీసి నిల్వ నిధిలో వేస్తారు, రాని ఏడు అందులోంచి తీసి ఇస్తారు. ఎందుకంటే పక్కవీధి మామూలు బ్యాంకు ఇచ్చే వడ్డీ కన్నా తమ లాభం తగ్గితే ఖాతాదారులు లేచిపోతారన్న భయం. ఫలితంగా పంపిణీ అయ్యే లాభం విచిత్రంగా మార్కెట్ వడ్డీ రేటు పక్కనే నడుస్తుంది. బ్యాంకు గట్టిగా నిలబడడానికి ఇది అవసరమే కావచ్చు. న్యాయం మాటేమిటి? మంచి ఏళ్లలో ఖాతా ఉంచి, నిధికి తన వాటా కట్టి, తర్వాత వెళ్లిపోయినవాడి సొమ్ముతో చెడ్డ ఏట చేరిన కొత్తవాడికి లాభం పంచుతున్నారు. వెళ్లినవాడు వదులుకుంటున్నట్టు ఎక్కడ సంతకం పెట్టాడు? నిధిలో ఎంత ఉంది, అందులో ఖాతాదారుల వాటా ఎంత, వాటాదారుల వాటా ఎంత? ప్రమాణం లేని చోట ఈ అంకెలు కనిపించవు. ఉన్న చోట వేరుగా చూపక తప్పదు. నైతిక ప్రమాణం, అకౌంటింగ్ ప్రమాణం అని రెండుగా మాట్లాడుకుంటాం కానీ ఇక్కడ రెండూ ఒకే గడిలో రాసే ఒకే అంకె.

రూపం చూడొద్దు, సారం చూడు అన్నది ఆధునిక అకౌంటింగ్ సూత్రం కదా, మురాబహా సారంలో అప్పే అయినప్పుడు దానికి వేరే కొలబద్ద ఎందుకన్నది అకౌంటెంట్ల మొదటి అభ్యంతరం. పైగా దేశానికో కొలబద్ద ఉంటే దుబాయ్ బ్యాంకును కౌలాలంపూర్ బ్యాంకుతో పోల్చడం ఎలా అంటారు. పోల్చే వీలుండాలన్న వాదనలో బలముంది. నేను అంతర్జాతీయ ప్రమాణాలను తీసిపారేయమనడం లేదు. కానీ సారం అంటే డబ్బు ప్రవాహం ఒక్కటే కాదు, నష్టభయం ఎవరి నెత్తిన ఉందన్నది కూడా సారమే. కారు కాలిపోతే ఎవరు మునుగుతారన్నది రూపానికి సంబంధించిన ముచ్చట ఎలా అవుతుంది? వడ్డీ వద్దని ఏరికోరి వచ్చిన ఖాతాదారుకు, తన సొమ్ములో ఎంత నిజమైన వ్యాపారంలో తిరిగింది, నిషిద్ధ ఆదాయం పొరపాటున ఎంత వచ్చి చేరింది, దాన్ని దానానికి పంపారా లేదా అన్నవి పెట్టుబడి నిర్ణయానికి పనికొచ్చే వివరాలే. మామూలు నివేదిక వాటిని అడగదు. అడిగే అదనపు పట్టికలు జతచేస్తే పోలిక చెడదు.

ప్రమాణం పళ్లున్నదైతే ఏమవుతుందో సుకూక్‌ల కథ చెబుతుంది. వీటిని ఇస్లామిక్ బాండ్లు అని అనువదిస్తుంటారు, తగాదా అంతా ఆ అనువాదంలోనే ఉంది. సుకూక్ కొన్నవాడికి ఒక ఆస్తిలో నిజమైన వాటా ఉండాలి, ఆ ఆస్తి ఆర్జించిందే అతనికి ముట్టాలి. మార్కెట్లో జరిగింది వేరు. ఆస్తి విలువ పెరిగినా పడినా గడువు తీరాక ముఖవిలువకే తిరిగి కొంటామని జారీ చేసిన కంపెనీలు హామీలు రాసిచ్చాయి. లాభం తగ్గిన ఏడు మేనేజరే అప్పిచ్చి పూడ్చే ఏర్పాట్లు పెట్టుకున్నాయి. ఇక బాండుకూ దానికీ తేడా ఏముంది? 2007 నవంబరులో అయోఫీ షరియా మండలి అధ్యక్షుడు, పాకిస్తాన్‌కు చెందిన పండితుడు ముహమ్మద్ తఖీ ఉస్మానీ, చలామణిలో ఉన్న సుకూక్‌లలో దాదాపు 85 శాతం షరియాకు తగినట్టు లేవన్నారు. మూడు నెలలకు, 2008 ఫిబ్రవరిలో, అయోఫీ తీర్మానం వచ్చింది. సుకూక్‌దారులకు ఆస్తి నిజంగా బదిలీ కావాలి. ముదారబా, ముషారకా (ఇద్దరూ పెట్టుబడి పెట్టే భాగస్వామ్యం) రకాల్లో ముఖవిలువకు తిరిగి కొంటామన్న హామీ చెల్లదు. పండితులు ఫత్వా ఇచ్చి చేతులు దులుపుకోకుండా అమలునూ కనిపెట్టి ఉండాలి. వీటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది చివరిది. పుట్టినరోజు జాతకం రాసిచ్చినట్టు ఒప్పందం పుట్టగానే ఫత్వా ఇవ్వడం, ఆ తర్వాత అది ఎలా బతికిందో ఎవరూ చూడకపోవడం ఈ రంగపు అసలు జబ్బు.

కఠినమైన ప్రమాణం మార్కెట్‌ను చంపుతుందన్నది రెండో అభ్యంతరం. 2008లో సుకూక్ జారీలు పడిపోయిన మాట నిజం. అదే ఏడు ప్రపంచమంతా రుణ మార్కెట్లు గడ్డకట్టిన మాటా నిజం, తప్పంతా తీర్మానం మీదకు నెట్టడం సబబు కాదు. 2023 చివర్లో ఆస్తి బదిలీని మరింత గట్టిగా కోరుతూ అయోఫీ కొత్త సుకూక్ ప్రమాణం ముసాయిదా విడుదల చేసినప్పుడు కూడా బ్యాంకర్లు, రేటింగ్ సంస్థలు ఇదే ఆందోళన వినిపించాయి. వాళ్ల భయాన్ని కొట్టిపారేయను. బాండు భద్రత ఉన్న సుకూక్‌కే అలవాటుపడిన మదుపరి, ఆస్తి నష్టభయం నెత్తిన పడితే ఎక్కువ లాభం అడుగుతాడు, లేదా వెళ్లిపోతాడు. అయితే అస్పష్టతకు ఖరీదు లేదా? షార్జాకు చెందిన దానా గ్యాస్ కంపెనీ 2017 జూన్‌లో చేసిన పని చూడండి. తాను జారీ చేసిన 70 కోట్ల డాలర్ల సుకూక్ షరియాకు విరుద్ధమని, కనుక యూఏఈ చట్టం ప్రకారం చెల్లదని, ఉన్నపళంగా తానే ప్రకటించింది. డబ్బు తీసుకున్నప్పుడు హలాల్ అయినది, తిరిగి ఇవ్వాల్సి వచ్చేసరికి హరామ్ అయింది! లండన్ హైకోర్టు ఆ ఏడాది నవంబరులో ఇంగ్లిష్ చట్టం కింద కొనుగోలు హామీ చెల్లుతుందని మదుపరుల పక్షాన తీర్పిచ్చింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. అంతకుముందు 2009లో కువైట్ సంస్థ ఇన్వెస్ట్‌మెంట్ దార్ కూడా లండన్ కోర్టులో తన ఒప్పందం షరియాకు తగదన్న వాదననే బాకీకి అడ్డుపెట్టుకుంది. ప్రమాణం వదులుగా ఉన్న చోట ధర్మశాస్త్రం ఎగవేతదారుకు ఆయుధమవుతుంది. ఆ సందు మూయడానికి మార్కెట్ కొంత చిన్నదైనా నష్టం లేదనుకుంటాను.

మూడో అభ్యంతరం పండితుల వైపు నుంచి వస్తుంది, దాన్ని గౌరవంగా వినాలి. ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో హనఫీ, షాఫియీ, మాలికీ, హంబలీ అని సంప్రదాయాలున్నాయి. అభిప్రాయభేదాన్ని లోపంగా కాక వరంగా చూసే పరంపర అది. అందరికీ ఒకే ప్రమాణమంటే ఆ వైవిధ్యం మీద రోలర్ నడిపినట్టు కాదా? లోహాన్ని అరువుకు కొని వెంటనే మూడోవాడికి నగదుకు అమ్మి డబ్బు చేసుకునే తవర్రుక్ పద్ధతినే తీసుకోండి. బ్యాంకులు ఏర్పాటు చేసి నడిపే రకం చెల్లదని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2009లో షార్జా సమావేశంలో తేల్చింది. అయోఫీ షరతులతో ఒప్పుకుంటుంది. మలేసియాలో అది విస్తారంగా వాడుకలో ఉంది. ఎవరిది సరైన భాష్యమో చెప్పే అర్హత నాకు లేదు, పత్రికా వ్యాసం దానికి చోటూ కాదు. కానీ అభిప్రాయభేదం పండితుల మధ్య ఉండడం వేరు, తనకు అనుకూలమైన పండితుణ్ని బ్యాంకు వెతుక్కోవడం వేరు. బ్యాంకు ఒప్పందాలకు ఆమోదం తెలిపే షరియా బోర్డు సభ్యులకు జీతమిచ్చేది ఆ బ్యాంకే. పేరున్న పండితులు డజన్ల కొద్దీ సంస్థల బోర్డుల్లో కూర్చున్న రోజులున్నాయి. మలేసియా కేంద్ర బ్యాంకు ఒక రంగంలో ఒకరు ఒకే సంస్థకని హద్దు గీసింది, వివాదం వస్తే తన షరియా సలహా మండలి మాటే కోర్టులకూ శిరోధార్యమని 2009 చట్టంలో రాసుకుంది. వ్యాపారి తన తూనికరాళ్లు తానే తెచ్చుకుంటే కొనేవాడు ఊరుకోడు, ప్రభుత్వ ముద్ర ఉందా అని తిప్పి చూస్తాడు. రాయి బరువు మీద పండితులు వాదించుకోవచ్చు. ఏ రాయితో తూచారో, దానికి ముద్ర వేసినవాడికి ఎవరు ఎంత ఇచ్చారో వార్షిక నివేదికలో ఉంటే చాలు, వైవిధ్యానికి వచ్చే ముప్పేమీ లేదు.

ప్రమాణాలుంటే మోసాలు ఆగుతాయా అని అడిగేవాళ్లకు హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది. సత్యం కంప్యూటర్స్‌కు ప్రమాణాలు లేకనా? పేరుమోసిన ఆడిట్ సంస్థ సంతకమూ ఉంది, అయినా పుస్తకాల్లో చూపిన నగదు లేదని 2009 జనవరిలో బయటపడింది. నిజమే, ఆగవు. కానీ ఆ పుస్తకాలు అబద్ధమని తేల్చి కోర్టుకెక్కించగలిగింది, నిజమైన పుస్తకం ఎలా ఉండాలో ముందే రాసి ఉంది కనుకే. ప్రమాణమే లేనిచోట మోసాన్ని మోసమని పిలవడానికి కూడా పండితుల సభ పెట్టుకోవాలి. 1980లలో ఈజిప్టులో ఇస్లామిక్ పెట్టుబడి కంపెనీలు, ముఖ్యంగా అల్ రయ్యాన్, గల్ఫ్‌లో చెమటోడ్చిన ఈజిప్షియన్ల సొమ్మును బ్యాంకు వడ్డీకి రెట్టింపు లాభాల ఆశతో లాక్కున్నాయి. ఆ డబ్బు ఏ వ్యాపారంలో ఉందో చెప్పే లెక్క లేదు, 1988లో ప్రభుత్వం చట్టం తెచ్చేసరికి కథ ముగింపుకొచ్చింది. 2001 ఫిబ్రవరిలో టర్కీలో వడ్డీలేని పద్ధతిలో నడిచిన ఇహ్లాస్ ఫైనాన్స్ మూతపడింది. ఖాతాదారుల సొమ్ములో పెద్ద భాగం సొంత గ్రూపు కంపెనీలకే మళ్లిందని, వాళ్లకు డిపాజిట్ బీమా రక్షణ లేదని అప్పుడు గానీ జనానికి ఎక్కలేదు.

ఈ చర్చకు మన నేలతో ఉన్న సంబంధం పాతది. 1940లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం బోధించిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ ఇస్లాం దృష్టిలో వడ్డీ సిద్ధాంతం మీద ఇంగ్లిష్‌లో పుస్తకం రాశారు. అదే విశ్వవిద్యాలయపు విద్యార్థి, తర్వాత పారిస్‌లో స్థిరపడ్డ ముహమ్మద్ హమీదుల్లా హైదరాబాద్‌లోని వడ్డీలేని పరపతి సంఘాల గురించి రాశారు. కొత్త సంబంధం మాత్రం చేదు. మన దేశంలో బ్యాంకులు సరుకు కొని అమ్మడాన్ని బ్యాంకింగ్ నియంత్రణ చట్టం అనుమతించదు, కనుక మురాబహాకు తావులేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీరహిత బ్యాంకింగ్‌కు వీలు కల్పించమంది. 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ ఆలోచన ముందుకు తీసుకుపోవడం లేదని చెప్పేసింది. అంత వరకు ప్రభుత్వ నిర్ణయం. కానీ తలుపు మూసినంత మాత్రాన గిరాకీ పోలేదు, కిటికీలు వెతుక్కుంది. హైదరాబాద్ కేంద్రంగా హలాల్ పెట్టుబడి పేరుతో డబ్బు సేకరించిన హీరా గ్రూపు అధినేతను 2018లో పోలీసులు అరెస్టు చేశారు. ఏటా 36 శాతానికి పైగా లాభం ఆశ చూపారన్నది ఈడీ ఆరోపణ. అంటే నూటికి నెలకు మూడు రూపాయలు. వడ్డీ కాదన్న ముద్ర పడితే, పల్లెలో ఉరి అనిపించుకున్న రేటే వరం అనిపించుకుందన్నమాట. బెంగళూరులో అదే హలాల్ బాటలో సొమ్ము సేకరించిన ఐఎంఏ అనే సంస్థ 2019లో కుప్పకూలింది. అక్కడ మదుపరులను డిపాజిట్‌దారులుగా కాక పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థల్లో భాగస్వాములుగా చేర్చుకున్నారు. ముదారబాలోనూ భాగస్వామ్యమే ఉంది కదా అనుకున్నారు పాపం. భాగస్వామ్యమంటే లాభం లెక్క చూసే హక్కు, నెలనెలా ఖాతాలో పడే సొమ్ము కాదు.

లౌకిక రాజ్యం మతపరమైన ప్రమాణాల జోలికి పోకూడదనేవాళ్లు ఒకటి గమనించాలి. అదే హలాల్ మాట మన స్టాక్ మార్కెట్లో ఎప్పటినుంచో గొడవ లేకుండా నడుస్తోంది. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో 2010లో షరియా సూచీ వచ్చింది, నిఫ్టీకీ షరియా సూచీలున్నాయి, టాటా ఎథికల్ ఫండ్ సెబీ కనుసన్నల్లో పనిచేస్తోంది. మద్యం, వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలు వద్దు, అప్పుల నిష్పత్తి ఇంత దాటకూడదు అని అంకెల్లో రాసి ఉంటుంది. షేర్ల కోసం అయోఫీ పెట్టిన హద్దు చూస్తే, కంపెనీ మార్కెట్ విలువలో వడ్డీ అప్పులు 30 శాతానికి లోపు, మొత్తం ఆదాయంలో నిషిద్ధమైనది 5 శాతానికి లోపు. నమాజు చదవనివాడైనా కాలిక్యులేటర్ పట్టుకుని సరిచూడవచ్చు. సెబీ అక్కడ ఖురాన్‌కు భాష్యం చెప్పడం లేదు, చెప్పిన నియమం ప్రకారమే నడుస్తున్నావా అని మాత్రమే అడుగుతోంది. జనం నుంచి సొమ్ము సేకరించే సంఘం, సంస్థ, కంపెనీ ఏదైనా సరే, వడ్డీలేని, హలాల్, షరియా అన్న మాటలు వాడిన రోజు నుంచి నష్టం ఎవరిదో, సొమ్ము ఎక్కడుందో, సర్టిఫికెట్ ఇచ్చిన పండితుడికి ఎంత ముట్టిందో ఏటా ఆడిట్ చేయించి తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలని అడగడానికి కొత్త బ్యాంకులక్కర్లేదు. నియంత్రణ లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో వచ్చిన చట్టం చేతిలో ఉంది. దానికింద కేసులు పెడుతున్నది ఎక్కువగా సంస్థ కూలాకే. ఇలా ముందే అడిగితే, హైదరాబాద్ పాతబస్తీలోనో కడపలోనో గల్ఫ్ నుంచి కొడుకు పంపిన సొమ్ము పట్టుకుని అలాంటి ఆఫీసు మెట్లెక్కే తల్లి చేతిలో, ప్రచార కరపత్రంతో పాటు నష్టం ఎవరిదో రాసిన ఒక కాగితం కూడా ఉంటుంది.